ఆర్క్ చేసింది సృష్టా, లయమా? టెర్రానిగ్మా మీద అడిగిన ప్రశ్నకు నా సమాధానం

టెర్రానిగ్మా ఒక పాత వీడియో గేమ్, ఆర్క్ అందులో నాయకుడు. ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "టెర్రానిగ్మా ఈమధ్యే పూర్తి చేశాను. అధ్యాయాల పేర్లలో మాటిమాటికీ 'రిజరెక్షన్' అని వస్తుంది. ఈ సృష్టి, పునర్జన్మ అన్నవి కథకి పైపూతేనా, లేక ఆటలో నిజంగా ఉన్నాయా? ఆర్క్ చేసింది మంచా చెడా? చివర్లో తలుపు తట్టింది ఎవరు?"

మూడింటికీ చెప్తాను, కానీ కథంతా చెప్పకుండా చెప్పడం కుదరదు. ఇంకా ఆడనివాళ్ళు ఉంటే ఇక్కడే ఆగిపోండి. ముందే తెలిసిపోతే ఈ ఆటలో పోయేది చాలా ఉంది.

నేను దీన్ని మొదటిసారి ఆడింది 2006 చలికాలంలో, జర్మనీలో ఎం.ఎస్. చదువుతున్నప్పుడు. ఆదివారం సంతలో పాత సామాన్ల మధ్య దొరికింది ఆట క్యాసెట్. ఆట 1995 అక్టోబరు 20న జపాన్‌లో సూపర్ ఫామికామ్ అనే నింటెండో గేమ్ యంత్రం మీద వచ్చింది. తయారుచేసింది క్వింటెట్, విడుదల చేసింది ఎనిక్స్. 1996 చివర్లో నింటెండో దాన్ని యూరప్‌లో ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లో విడుదల చేసింది. అమెరికాలో మాత్రం రానేలేదు. అక్కడి ఎనిక్స్ శాఖ 1995లోనే మూతపడింది. అందుకే అమెరికాలో ఉన్న మనవాళ్ళకి దీని పేరు అంతగా తెలియదు, జర్మనీలో నా ఈడు వాళ్ళని అడిగితే మాత్రం కళ్ళు మెరుస్తాయి. నాకప్పటికి జర్మన్ అంతంతమాత్రమే. నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో సంభాషణ దగ్గరా ఆగి ఆగి ఆడాను. ఆ నిదానమే నాకు మేలు చేసింది. గబగబా బటన్ నొక్కేవాళ్ళు దాటిపోయే మాటలే ఈ ఆటకి ప్రాణం. ఆ తరవాత ఇంగ్లీషులో మరో నాలుగైదుసార్లు పూర్తి చేశాను.

జపాన్‌లో ఈ ఆట పేరు వేరు: 'తెంచి సోజో'. అంటే భూమ్యాకాశాల సృష్టి. బైబిల్ ఆదికాండంలోని సృష్టికథని జపనీయులు పిలిచే మాటే అది. మన తెలుగు బైబిల్ తొలి వాక్యంలో 'భూమ్యాకాశములను' అని ఉంటుంది చూడండి, సరిగ్గా అదే. పైపూత కోసం ఎవరూ అంత పేరు పెట్టరు. క్వింటెట్ వాళ్ళకి ఈ విషయం మీద ముందునుంచీ పట్టు ఉంది. 1990లో చేసిన యాక్ట్‌రైజర్‌లో మనం సాక్షాత్తూ దేవుడు. కిందకి దిగి రాక్షసులతో పోరాడతాం, పైకి వెళ్ళి మనుషులు ఊళ్ళు కట్టుకోవడానికి దారి చూపిస్తాం. (అమెరికా వాళ్ళ కోసం 'దేవుడు' అన్న మాట తీసేసి 'మాస్టర్' అని పెట్టారు.) 1992లో వచ్చిన సోల్ బ్లేజర్‌లో ఒక రాజు బంగారానికి ఆశపడి తన రాజ్యంలోని ప్రాణులన్నిటినీ అమ్మేస్తాడు. మనం రాక్షసుల గూళ్ళను ఒక్కొక్కటీ మూసేస్తుంటే ఇక్కడొక చెట్టు, అక్కడొక కుక్క, ఇంకోచోట ఒక ముసలాయన తిరిగొస్తారు. 1993లో ఇల్యూజన్ ఆఫ్ గాయా. వీటి తరవాత టెర్రానిగ్మా. అంటే ఒక బృందం ఒకే ప్రశ్నని అయిదేళ్ళపాటు అడుగుతూ వచ్చింది: ప్రపంచాన్ని తిరిగి నిలబెట్టేవాడికి ఆ ప్రపంచంలో చోటుంటుందా? నాకు అర్థమైనంతవరకు టెర్రానిగ్మా ఆ ప్రశ్నకి వాళ్ళు చెప్పిన జవాబు.

ఇప్పుడు 'రిజరెక్షన్' సంగతి. ఇంగ్లీషు ఆటలో నాలుగు అధ్యాయాలు. మొదటిది ప్రయాణానికి నాంది. మిగతా మూడింటి పేర్లలోనూ అదే మాట: ప్రపంచపు రిజరెక్షన్, మేధావి రిజరెక్షన్, వీరుడి రిజరెక్షన్. ఇంగ్లీషులో మూడుచోట్లా ఒకటే మాట ఉండేసరికి మూడూ ఒకలాంటివే అనిపిస్తాయి. తెలుగులోకి తెచ్చుకుని చూడండి, మూడింటికీ ఒక్క మాట సరిపోదు. మొదటిది పునఃసృష్టి. రెండోది పునరుజ్జీవనం. మూడోది మాత్రమే పునర్జన్మ. ఈ తేడా పట్టుకుంటే ఆట విడిపోతుంది. అందుకే ఈ మూడు మాటల వెంటే వెళ్తాను.

ఆర్క్ ఉండేది క్రిస్టా అనే ఊళ్ళో. భూమి లోపల, పాతాళంలో, ఆ ఊరు తప్ప ఇంకోటి లేదు. ఊరి పెద్ద ఇంట్లో తెరవకూడని తలుపు ఒకటుంది. ఆర్క్ తెరుస్తాడు. లోపల పెట్టె, పెట్టెలోంచి యోమి అనే చిన్న జీవి బయటికొస్తుంది. ఊళ్ళోవాళ్ళంతా ఉన్నచోటే గడ్డకట్టిపోతారు, ఆర్క్ మనసిచ్చిన ఎల్‌తో సహా. మిగిలింది ఊరి పెద్ద ఒక్కడే. అయిదు గోపురాలు జయించి రమ్మంటాడాయన.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ పెట్టె పండోరాది, తెరవకూడని పెట్టె తెరిచిన ఆమె గ్రీకు కథ. కానీ అందులోంచి వచ్చిన జీవి పేరు యోమి. జపాన్ పురాణాల్లో యోమి అంటే చనిపోయినవాళ్ళ లోకం. 712లో పూర్తయిన కొజికి అనే పురాణగ్రంథంలో ఇజనామి అనే సృష్టిదేవత అగ్నిదేవుణ్ణి కంటూ చనిపోతుంది. భర్త ఇజనాగి ఆమెను తెచ్చుకోవడానికి యోమికి వెళ్తాడు. నన్ను చూడొద్దు అని ఆమె చెప్పినా చూస్తాడు. కుళ్ళిపోయిన శరీరం కనిపించేసరికి పారిపోయి వచ్చి, దారికి బండరాయి అడ్డం పెడతాడు. రాతికి అవతల నుంచి ఆమె అంటుంది, నీ దేశంలో రోజుకి వెయ్యిమందిని చంపుతానని. ఆయన అంటాడు, అయితే నేను రోజుకి పదిహేను వందల పురిటిళ్ళు కట్టిస్తానని. పుట్టుక, చావు రెండూ ఒక దంపతుల గొడవలోంచి వచ్చాయి, వాళ్ళిద్దరూ కలిసి ప్రపంచాన్ని కన్నవాళ్ళే. టెర్రానిగ్మా లోపలి నిర్మాణం ఇదే. భూమికి రెండు మనసులు. పైవైపు వెలుగు గాయా, ఎదుగుదలను కోరేది. లోవైపు చీకటి గాయా, క్షీణతను కోరేది. తెరవకూడని తలుపు, చూడకూడని ముఖం, అటునుంచి మనతో వచ్చే యోమి అన్నీ ఈ పాత కథ నీడలోనే ఉన్నాయి. జపాన్‌లో ఆడిన పిల్లలకి యోమి అన్న పేరు వినగానే ఎక్కడో ఏదో తేడాగా ఉందని తట్టి ఉండాలి. మనకి అది ఒట్టి ముద్దుపేరులా వినిపిస్తుంది.

ఒక్కో గోపురం జయించిన కొద్దీ రెండు జరుగుతాయి. గడ్డకట్టిన ఊళ్ళో కొంతమందికి కదలిక వస్తుంది. పైన, సముద్రంలోంచి ఒక ఖండం పైకి లేస్తుంది. ఆ దృశ్యం చూస్తే మనవాళ్ళకి వరాహావతారం గుర్తు రాకుండా ఉండదు. నాకూ వచ్చింది. కానీ వరాహస్వామి కోరల మీద పైకి వచ్చేది దేవి, మహాతల్లి. ఇక్కడ వచ్చేది ఒట్టి రాయి, మట్టి. దాని మీద గడ్డిపోచ కూడా ఉండదు. ఖండాలన్నీ లేచాక ఆర్క్ పాతాళం అంచునుంచి దూకి పైకి చేరతాడు. అప్పుడు కనిపించే ప్రపంచపటం మనందరికీ తెలిసిన భూగోళమే, కానీ అంతా బోసి. రంగు లేదు, చప్పుడు లేదు. నా మట్టుకు ఆటలో అత్యంత బలమైన చోటు అదే. మియోకో తకావోకా, మసనోరి హికిచిల సంగీతం అక్కడ దాదాపు ఊపిరి బిగబట్టినట్టుంటుంది.

తరవాత వరసగా చెట్లు, పక్షులు, జంతువులు, చివరికి మనుషులు. మొదట రా అనే మహావృక్షాన్ని పట్టిన పురుగు లాంటి జీవిని చంపితే మొక్కలకి ప్రాణం వస్తుంది. మొక్కలు ఆర్క్‌తో మాట్లాడతాయి, థాంక్స్ చెప్తాయి. తరవాత పక్షులు మాట్లాడతాయి, సింహాలు మాట్లాడతాయి. ఒక సింహం పిల్లకి దాని తండ్రి పెట్టే పరీక్షలో ఆర్క్ తోడుంటాడు. ఆడుతున్నంతసేపూ ఇది పిల్లల కథలా అనిపిస్తుంది. తరవాత మంచుకొండ వస్తుంది.

ఆ మంచుకొండ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. అక్కడ మంచు విరిగిపడి ఆర్క్ ఒక గుహలో ఇరుక్కుపోతాడు. తోడు ఒక ఆడమేక. దాని జోడు చచ్చిపోయి పక్కనే పడి ఉంటుంది. తిండి లేదు. బతకాలంటే తినాల్సింది ఆ చచ్చిన మేకనే. ఆ ఆడమేకే తింటుంది, ఆర్క్‌నీ తినమంటుంది. అప్పటిదాకా మనం మొక్కలతో, జంతువులతో స్నేహం చేస్తూ వచ్చాం, మన చేత్తోనే వాటికి ప్రాణం పోశాం. ఇప్పుడు మన చేత్తో పోసిన ప్రాణాన్నే తిని బతకాలి. ఆ చలిరాత్రి హాస్టల్ గదిలో ఆ సన్నివేశం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సృష్టి చెయ్యడం అంటే ఆకలిని కూడా సృష్టించడమే అని ఏ ఆటా నాకు అంతకుముందు అంత సూటిగా చెప్పలేదు. మీరడిగారే, ఇది పైపూతా అని. పైపూత వేసేవాళ్ళు ఈ గుహ రాయరు.

మనుషులు వచ్చాక ఆట మన దగ్గరనుంచి ఒకటి లాగేసుకుంటుంది. జంతువుల మాట, మొక్కల మాట ఆర్క్‌కి ఇక వినపడదు. నిన్నటిదాకా కబుర్లు చెప్పిన సింహం ఇప్పుడు గర్జిస్తుంది, అంతే. ఎందుకో ఎవరూ వివరించరు. నేను దీన్ని శిక్షగా చూడను. మనుషులు వచ్చిన ప్రపంచంలో ఆర్క్ కూడా ఒక మనిషి అయ్యాడు, అంతకుముందు కాదు. అతను ఒక్కో మెట్టు కట్టిన కొద్దీ కింది మెట్టు చేజారిపోతోంది. పునఃసృష్టి అనే మాట నేను దీనికి వాడేది ఇందుకే. పాత ప్రపంచం ఉన్నది ఉన్నట్టుగా తిరిగి రాలేదు, కొత్తగా తయారైంది. తయారైంది గనక తయారుచేసినవాణ్ణి పక్కకి జరిపింది.

మూడో అధ్యాయంలో ఆర్క్ కళ్ళు తెరిచేది టిబెట్‌లోని లాసాలో. మూడేళ్ళు నిద్రపోయాడని చెప్తారు. చూసుకున్నది కుమారి అనే లామా, బౌద్ధ గురువు. మూడేళ్ళలో మనుషులు ఊళ్ళు కట్టుకున్నారు, రాజులయ్యారు, సైన్యాలు పెట్టుకున్నారు. ఇక్కడినుంచి ఆట తీరే మారిపోతుంది. ఊరినుంచి ఊరికి సరుకులు, కబుర్లు, మనుషుల్ని చేరవేస్తుంటే ఊళ్ళు పట్నాలవుతాయి. కొలంబస్ ఓడ తిరుగుతుంది, బెల్ టెలిఫోన్ కనిపెడతాడు, ఆకాశంలోకి విమానం లేస్తుంది. లోయిర్ అనే ఊళ్ళో ఎన్నిక ఎవరి వైపు అన్నది కూడా మన చేతుల మీదుగానే తేలుతుంది. ఇంగ్లీషులో దీన్ని మేధావి రిజరెక్షన్ అన్నారు. తెలుగులో యూరప్ రినైసాన్స్‌ని మనం ఏమంటాం? పునరుజ్జీవనం. అధ్యాయంలో జరిగేది అక్షరాలా అదే. కళలు, యంత్రాలు, ఓడలు, ఓటు. మన తెలుగు మాట ఇంగ్లీషు శీర్షిక దాచిన సంగతిని బయటపెట్టింది అనిపిస్తుంది నాకు.

కానీ ఆ శీర్షికలోని మేధావి కొలంబసూ కాదు, బెల్లూ కాదు. బెరూగా. సైబీరియాలోని ప్రయోగశాలలో తనని తానే గడ్డకట్టించుకుని పడుకున్న శాస్త్రవేత్త. అతన్ని లేపేది ఆర్క్. లేచాక అతను చేసేది ఏమిటో మీకు తెలుసు: మహమ్మారి లాంటి వైరస్‌తో మనుషుల్ని తుడిచిపెట్టి, తను ఎంచుకున్నవాళ్ళని చావులేని బతికిన శవాలుగా మార్చడం. నియోటోకియో అనే నగరం మీద దాన్ని వదులుతాడు. ఆట వచ్చిన సంవత్సరాన్ని గమనించండి. 1995 జనవరిలో కోబే భూకంపం, మార్చిలో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి. ఈ సన్నివేశాలు వాటి కోసమే రాశారని నేను అనను, ఒక ఆట తయారవడానికి ఎంతో కాలం పడుతుంది. కానీ ఆ అక్టోబరులో దీన్ని కొని ఆడిన టోక్యో కుర్రాడికి, ఊపిరిలో కలిసిన చావుతో ఒక నగరం ఖాళీ అవడం కల్పనలా కనిపించి ఉండదు.

చావులేనితనాన్ని ఇక్కడ ఎందుకు విలన్ చేతికి ఇచ్చారో ఆలోచించండి. బెరూగా మాట తీసుకుంటే చావు లేదు, కాబట్టి పుట్టుకా లేదు. మేక గుహలో మనం తిన్నదానికి సరిగ్గా ఎదురు తిరిగిన ప్రపంచం అది. అక్కడ ఒక ప్రాణి చచ్చి ఇంకో ప్రాణికి అన్నమైంది. ఇక్కడ ఎవరూ చావరు, ఎవరూ ఎవరికీ అన్నం కారు. ఈ అధ్యాయాన్ని పునరుజ్జీవనం అనే మాటకి రెండో అర్థంగా కూడా చదవొచ్చు: జీవాన్ని తిరిగి ఎక్కించడం, కానీ జన్మ ఇవ్వకపోవడం.

లౌరాన్ గురించి చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఎడారిలో ఒక ఊరు, చైనా పడమటి ఎడారిలో శిథిలమైన లౌలాన్ పేరుని గుర్తుచేస్తుంది. ఆర్క్ మొదటిసారి వెళ్ళినప్పుడు ఊరు కళకళలాడుతుంటుంది. నిజానికి అక్కడివాళ్ళు ఎప్పుడో పోయారు. మెయిలిన్ అనే అమ్మాయి తనకున్న మాయాశక్తితో వాళ్ళందర్నీ బతికున్నట్టు నిలబెట్టుకుంటుంది. మా అమ్మమ్మవాళ్ళ ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది, ఇప్పుడది జలాశయం నీళ్ళ కింద ఉంది. అమ్మమ్మ చివరిదాకా ఆ ఊరి వీధులు వరసగా చెప్పేది: ఫలానావాళ్ళ అరుగు, దాని పక్కన వేపచెట్టు, అక్కడినుంచి రేవుకి దిగే దారి. వింటుంటే అక్కడ అందరూ ఇప్పటికీ ఉన్నట్టే ఉండేది. మెయిలిన్‌ని చూసినప్పుడల్లా నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి చేసింది మోసం అని ఆట ఎక్కడా అనదు. కానీ ఆ మాయని విడిపించి ఆమెని ముందుకి నడిపిస్తుంది. ఆర్క్ చేసేదంతా ప్రపంచాన్ని తిరిగి తేవడమే కదా. తేకుండా వదిలెయ్యాల్సినవీ ఉంటాయని ఆట ఒక్క లౌరాన్‌లోనే చెప్తుంది, అది కూడా ఒక చిన్నపిల్ల దుఃఖం పక్కన కూర్చోబెట్టి.

మీ రెండో ప్రశ్న, ఆర్క్ మంచి చేశాడా చెడు చేశాడా అన్నది ఇక్కడికి వచ్చాకే అడగాలి. ఎందుకంటే క్రిస్టా ఊరి పెద్దే చీకటి గాయా. ఖండాలు లేపమన్నది, ప్రాణులకి ప్రాణం పొయ్యమన్నది, చివరికి బెరూగాని లేపే దారిలో పెట్టింది అతనే. పంట ఏపుగా పెరగనిచ్చి కోసుకోవాలని చూసిన రైతులా, ప్రపంచాన్ని పెంచి తన గుప్పిట్లోకి తీసుకోవాలనుకున్నాడు. ఆర్క్ ఆ చేతిలో కొడవలి. ఇది తెలిసినప్పుడు చాలామంది, నేనూ మోసపోయాను అని ఆట మీద కోపం తెచ్చుకుంటారు. నా అభిప్రాయం వేరు. పనిచేయించినవాడి ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన రా వృక్షం కింద మొక్కలు చెప్పిన కృతజ్ఞత అబద్ధం అయిపోదు. సింహం పిల్ల నిజంగానే పెరిగింది. టెలిఫోన్ నిజంగానే మోగింది. అసలు రెండు గాయాల్లో ఒకదాన్ని తీసేస్తే భూమే లేదన్నది ఈ కథ మొదటి పేజీనుంచీ చెప్తున్న సంగతి. మనవాళ్ళు సృష్టి, స్థితి, లయ అని ఒకే గుక్కలో పలుకుతారు, లయని బయటివాడిగా ఎప్పుడూ చూడలేదు. అందుకని తెలుగు పాఠకుడికి ఈ మలుపు జీర్ణం కావడం తేలిక అనుకుంటాను. జర్మన్ మిత్రులతో దీని గురించి మాట్లాడినప్పుడు వాళ్ళకి దేవుడు ఎవరు, సైతాను ఎవరు అన్నది తేలాలి. నాకు అది తేలకపోయినా పర్వాలేదనిపించింది.

ఇక మూడో మాట, పునర్జన్మ. అయిదు నక్షత్రశిలలు పోగేసుకుని ఆర్క్ దక్షిణ ధ్రువానికి వెళ్తాడు. అక్కడ చనిపోతాడు. ఆటలో నాయకుడు చనిపోతే 'గేమ్ ఓవర్' అని రావాలి. ఇక్కడ రాదు. స్టోర్కోల్మ్ అనే పాడుబడ్డ ఊళ్ళో పసిబిడ్డగా పుడతాడు. పైలోకంలోనూ ఒక ఎల్ ఉంది, లోయిర్ కోటలో మాట పోగొట్టుకుని బతికిన రాకుమారి, ఆ పాడుబడ్డ ఊరి పిల్లే. బిడ్డని చంపడానికి చీకటి గాయా పాతాళంనుంచి పంపేది ఇంకో ఎల్‌ని, ఆర్క్ మనసిచ్చిన ఎల్‌ని. ఆమె బిడ్డ ముఖం చూసి చంపలేక, తనతో వచ్చినవాళ్ళని అడ్డుకుని తన ప్రాణం ఇచ్చేస్తుంది. ప్రళయజలాల మధ్య మర్రాకు మీద పడుకున్న పసివాడి బొమ్మ మన ఇళ్ళలో గోడల మీద ఉంటుంది కదా. ప్రపంచమంతా ఆ బిడ్డ కడుపులో ఉందంటారు. స్టోర్కోల్మ్‌లోని ఆ ఉయ్యాల దగ్గర నాకు కలిగింది అదే భావన, కానీ తలకిందులుగా. ఆ బిడ్డ కడుపులో ప్రపంచం లేదు. ప్రపంచాన్ని మొత్తం తను బయట పరిచేశాడు, ఇప్పుడు తనకి అందులో ఒక్క తల్లి ఒడి కావాలి.

పునర్జన్మ అన్న మాట ఇక్కడే ఎందుకు వాడతానో చెప్తాను. మొదటి అధ్యాయంలో ఖండాలు లేవడం జన్మ కాదు, వాటికి కర్మ లేదు. బెరూగా లేవడమూ జన్మ కాదు, అదే శరీరం, అదే బుర్ర, ఏమీ వదులుకోలేదు. ఆర్క్ మాత్రం ఒక శరీరాన్ని వదిలేశాడు. పాత జన్మ బంధం వెతుక్కుంటూ వచ్చి ఉయ్యాల ముందు నిలబడింది. చేసిన పని ఫలితం పుట్టుకతోనే ఎదురొచ్చింది. మన కథల్లో పునర్జన్మకి ఉండే లెక్కలన్నీ అక్కడ కలిశాయి. క్వింటెట్ వాళ్ళు జపాన్ బౌద్ధం నుంచి తెచ్చుకున్నా, ఆ లెక్క మూలం మనకి బాగా తెలిసినదే.

చివరి పోరాటం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బాగుంటుంది, కష్టంగా ఉండదు. అసలు సంగతి ఆ తరవాతది. చీకటి గాయా ఓడిపోతే పాతాళం పోతుంది. పాతాళం పోతే అందులో పుట్టినవన్నీ పోతాయి. ఆర్క్ పుట్టింది అక్కడే. వెలుగు గాయా అతనికి ఒక్క రోజు ఇస్తుంది, క్రిస్టాలో, ఎల్‌తో. ఆ రాత్రి పడుకుంటాడు. కలలో పక్షి అయి ఎగురుతాడు. కింద అతను లేపిన ఖండాలు, అతను పచ్చబరిచిన అడవులు, మాటలు కలిపిన ఊళ్ళు. అంతా కనిపిస్తుంది, ఏదీ అతనిది కాదు. క్వింటెట్ అయిదేళ్ళు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ కలే. నిర్మించినవాడికి చోటు లేదు, చూపు మాత్రం ఉంది.

ఆ తరవాత పైలోకపు ఎల్ ఇల్లు. తలుపు చప్పుడు. ఆమె లేస్తుంది. ఆట అయిపోతుంది.

మీ మూడో ప్రశ్న ఇదే. దీని మీద ఏళ్ళ తరబడి వాదనలు నడిచాయి. తట్టింది ఆర్క్ అనే నేనూ నమ్ముతాను. కానీ మనం గంటల తరబడి నడిపిన ఆర్క్ కాదు. క్రిస్టాలో నిద్రపోయినవాడు నిద్రలోనే కరిగిపోయాడు, దాంట్లో నాకు అనుమానం లేదు. గుమ్మం ముందు నిలబడ్డవాడికి గోపురాలు గుర్తుండవు, గుహలోని మేక గుర్తుండదు, తలుపవతలి మనిషి ముఖం ఎందుకు తెలిసినట్టుందో కూడా తెలియదు. కొత్త జన్మ ఎత్తినవాడికి పాతది గుర్తుండకపోవడం మనకి వింత కాదు కదా. వాడు తట్టిన తలుపు చప్పుడు ఏమిటో తెలిసినవాళ్ళం మనం ఒక్కళ్ళమే, చేతిలో కంట్రోలర్ పట్టుకుని కూర్చున్నవాళ్ళం. తలుపు తెరుచుకున్నాక ఆ ముఖాన్ని చూపించి ఉంటే ఆ చప్పుడు నాకు ఇన్నేళ్ళు గుర్తుండేది కాదు. ఎల్ తలుపు వైపు నడుస్తున్నప్పుడే ఆట ఆగింది, మనం ఆగాల్సింది కూడా అక్కడే.

మళ్ళీ ఆడే ఉద్దేశం ఉంటే ఒక్కటి చెప్తాను. మొదటి అధ్యాయంలో ఆ తలుపు జోలికి వెళ్ళేముందు క్రిస్టాలో ప్రతి ఒక్కరితో మాట్లాడండి. ఇంటింటికీ వెళ్ళండి. అన్నీ మామూలు మాటలే, కోళ్ళ గురించి, పనుల గురించి, ఎల్ గురించి. మొదటిసారి ఆడినప్పుడు నేను వాటిని వదిలేసి తలుపు వైపే పరుగెత్తాను. రెండోసారి ఆ ఊళ్ళోనే ఒక సాయంత్రం గడిపాను.